కడియం వైపు కొత్త ఇల్లు: రేటు దిగుతోంది, ఇప్పుడే కొనాలా, ఆగాలా?

రాజమండ్రి అద్దెవాసి

అందరికీ నమస్కారమండి. మేం దానవాయిపేటలో ఉంటాం, అద్దె 9,500. నాది ప్రైవేటు ఉద్యోగం, మా ఆవిడ స్కూల్లో టీచరు. ఇద్దరికీ పని ఊళ్లోనే. ఊళ్లో ఇల్లు కొనే తాహతు లేక కడియం వైపు చూస్తున్నాం. వేమగిరి దాటాక ఒక లేఅవుట్లో ఒకే బిల్డరు వరసగా ఆరు ఇళ్లు కట్టాడు. ఒక్కోటి 200 గజాల్లో, 1,400 చదరపు అడుగులు. నాలుగు అమ్మేశాడు, రెండు మిగిలాయి. కార్నర్ ఇంటికి నిరుడు 50 లక్షలు చెప్పాడు. సంక్రాంతికి 46 అన్నాడు. ఇప్పుడు 42కి దిగాడు. వరస చివర ఉన్నది 39కే ఇస్తానంటున్నాడు.

ఆషాఢం వచ్చేలోపు రిజిస్ట్రేషన్ పెట్టుకుంటే కార్నర్ దాని మీద ఇంకో లక్ష తగ్గిస్తాడట. బ్యాంకు వాళ్లు 30 లక్షల దాకా లోను ఇస్తామన్నారు. మా మామగారేమో దిగినప్పుడే కొనాలంటారు. మా అన్నయ్యేమో దిగుతున్నదాన్ని పట్టుకోవడమేంట్రా, కిందికి వచ్చాక చూద్దాం అంటాడు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే నా బాధ. ఏం చేయమంటారు?

కొవ్వూరు సీజన్ టికెట్

రేటు సంగతి పెద్దవాళ్లు చెప్తారు. నేను దారి సంగతి చెప్తానండి. మేం కొవ్వూర్లో చవగ్గా వచ్చిందని కొనుక్కున్నాం. రాజమండ్రికి వంతెన దాటడమే కదా అనుకున్నాం. 2023లో రోడ్డు కం రైలు వంతెనను మరమ్మతులకని మూసేశారు. నాలుగో వంతెన మీదుగా తిరిగి వచ్చేవాళ్లం, రోజూ పొద్దున్నే ఇంట్లో యుద్ధమే. మీకు గోదావరి అడ్డం లేదు, అదృష్టం. కానీ హైవే ఉంది. ఆదివారం పూట పదకొండింటికి వెళ్లి ఇల్లు చూసి ఎంత దగ్గరో అనుకోకండి. సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి అక్కడి నుంచి మీ ఆఫీసుకు, మేడంగారి స్కూలుకు వేర్వేరుగా బండి తోలి చూడండి. సాయంత్రం నర్సరీల దగ్గర మొక్కల లారీలు లోడింగుకు నిలబడతాయి, అప్పుడూ చూడండి. పెట్రోలు పెద్ద లెక్క కాదు, రెండు బళ్లకూ కలిపి నెలకు మూడు వేలు దాటదు. హైవే పక్కన చీకట్లో ఆడవాళ్లు బండి మీద రావడం, అది లెక్క.

వేమగిరి మాస్టారు

బాబూ, మామగారు, అన్నయ్య ఇద్దరూ రేటు గురించే మాట్లాడుతున్నారు. ఇంకెంత దిగుతుందో వాళ్లకీ తెలీదు, నాకూ తెలీదు, ఆ బిల్డరుకి అసలే తెలీదు. తెలిస్తే నిరుడే 46కి అమ్ముకునేవాడు. దిగే మార్కెట్ మీకిచ్చేది టైము. రేటు ఎగబాకే రోజుల్లో అయితే పొద్దున్న చూసిన ఇంటికి సాయంత్రం బయానా ఇవ్వాలి, లేకపోతే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. ఇప్పుడు ఎవడూ ఎగరేసుకుపోడు.

ఆషాఢంలో ఎవరూ గృహప్రవేశాలు పెట్టుకోరు, కొనేవాడు గడప తొక్కడు. అందుకే ఆయనకు తొందర. నన్నడిగితే మీరు సరిగ్గా ఆషాఢం కోసమే ఆగాలి. ముహూర్తం సంగతి కాదు, వానల కోసం. మన డెల్టాలో ఇంటిని వేసవిలో చూసి కొనకూడదు. కాలువలు కట్టేసి, నేల ఎండి, మురుగు కాలువలు ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి లేఅవుటూ ముద్దొస్తుంది.

రెండు పెద్ద వానలు పడ్డాక, వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లండి. బిల్డరుకి ఫోన్ చేయకుండా వెళ్లండి. ఆ నాలుగు ఇళ్లలో దిగినవాళ్లు ఉంటారుగా, వాళ్ల ప్రహరీ గోడ అడుగు భాగం చూడండి. నేల నుంచి జానెడు ఎత్తున సున్నం పొర పొరలుగా లేచి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే కింద నుంచి చెమ్మ ఎక్కుతోందని. గేటు కింది పట్టీ తుప్పు చూడండి. కరెంటు స్తంభం మీద బురద చార ఎంత ఎత్తున ఉందో చూడండి, అది అబద్ధం చెప్పదు. లేఅవుటు సైడు డ్రెయిన్ వెంబడి నడుచుకుంటూ వెళ్లి, ఆ నీళ్లు చివరికి దేంట్లో పడుతున్నాయో కళ్లారా చూడండి. చాలా లేఅవుట్లలో డ్రెయిన్ కాంపౌండ్ దాకా బ్రహ్మాండంగా ఉంటుంది, దాని అవతల పక్కవాడి చేను.

39కే ఇస్తానన్న ఇల్లు వరస చివర ఉందన్నారు. రోడ్డు వాలు అటేనా? అదొక్కటి తేల్చుకోండి ముందు.

నర్సరీ తమ్ముడు

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజమండి, ఆయ్. మాది కడియపులంకే. మా పక్క వరద భయం లంకల్లో వాళ్లకి. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు కూడా ఏటిగట్టుకి ఇవతల, ఊరి వైపు ఉన్నవాళ్లం ఇళ్లలోనే ఉన్నాం. మా తలనొప్పి గోదారి కాదు, వాన నీళ్లు. మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయకపోతే నీళ్లు ఎక్కడివక్కడే. అప్పుడు పల్లంలో ఉన్న మొక్కల బ్యాగులు తేలతాయి, పల్లంలో ఉన్న ఇళ్లలో మోటార్లు మునుగుతాయి.

ఇంకోటండి. ఆ లేఅవుట్లన్నీ మొన్నటిదాకా వరి చేలో, నర్సరీలో. అడుగున రేగడి. పైన గ్రావెల్ తోలి రోడ్డు మట్టానికి ఎత్తారు. తోలిన మట్టి రెండు మూడు వానాకాలాలు కూర్చోవాలి. ఎప్పుడు తోలారో ఎప్పుడు ఇల్లు లేపారో అడగండి. ఒకే ఏడాది రెండూ అయితే కిటికీల మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి. వెంట్రుకవాసి గీతలు పుట్టీవి, వాటికి భయపడక్కర్లేదు. నాణెం దూరే పగులు ఏటవాలుగా ఉంటే మాత్రం ఒక ఇంజినీరుకి చూపించాకే మాట్లాడండి.

భీమవరం బుల్లోడు

మీరు అదృష్టవంతులండి, మీకు బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి. మా భీమవరం చుట్టుపక్కల చెరువు పూడ్చి లేఅవుటు వేస్తే కింద ఉప్పు నీళ్లు, మినరల్ టిన్ను లేనిదే గొంతు తడవదు. ఆ ఒక్కదానికీ ఎంత తగ్గించి ఇచ్చినా దండగే.

రాజమండ్రి అద్దెవాసి

అందరికీ ధన్యవాదాలు. వాలు చివరి ఇంటి వైపే ఉందండి, ఇప్పుడు ఆలోచిస్తే గుర్తొచ్చింది. మరి డబ్బు లెక్క ఎవరైనా చెప్తారా? అద్దె దండగ కదా, ఆ అద్దేదో ఈఎంఐకి కడితే సొంతిల్లు అవుతుంది కదా అని మా ఇంట్లో వాదన. కార్నర్ ఇంటికి ప్రభుత్వ విలువ ఎంతో కూడా కనుక్కున్నాను, సైటూ కట్టడమూ కలిపి 46 లక్షలు వస్తోంది. మనం కొనేది 42కి కాబట్టి మంచిదేగా?

బ్యాంకు బాబాయి

అక్కడే ఆగండి. ఆ 46 చూసి సంబరపడకండి.

2025 ఫిబ్రవరి 1 నుంచి మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలు, అంటే మీరన్న ప్రభుత్వ విలువలే, సవరించారు. బజారు రేటు దిగినంత మాత్రాన ఆ విలువ దిగదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అదీ కొన్న ధర, ప్రభుత్వ విలువ రెండింట్లో ఎక్కువ ఏదో దాని మీద. అంటే మీరు 42కి కొన్నా 46 మీద కట్టాలి, 3 లక్షల 45 వేలు. దీనికి లోను రాదు, చేతి డబ్బే.

అసలు మెలిక ఇంకోటుంది. ప్రభుత్వ విలువ కన్నా తక్కువకు కొంటే, ఆ తేడా మీరు కట్టే ధరలో పది శాతం దాటిందా, తేడా మొత్తం మీ ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు. 42కి కొంటే తేడా 4 లక్షలు, పది శాతం అంటే 4.2. బతికిపోయారు. ఆషాఢంలోపు అయితే లక్ష తగ్గిస్తానన్నాడే, అప్పుడు ధర 41, తేడా 5 లక్షలు, పది శాతం 4.1 మాత్రమే. ఆ 5 లక్షలూ మీ ఆదాయంలో కలుస్తాయి. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి లక్షా నాలుగు వేలు పన్ను. ఆయన తగ్గించిన లక్ష పోగా మీ చేతి నుంచి ఇంకో నాలుగు వేలు పోయినట్టు! చివరి ఇంటికి కూడా విలువ దాదాపు ఇంతే ఉంటుంది కాబట్టి 39కి కొంటే తేడా 7 లక్షలు. ఆ చవక చవక కాదు. విలువ మరీ ఎక్కువ వేశారని వాదించి వాల్యుయేషన్ అధికారికి పంపించమని అడిగే హక్కుంది, కానీ ఆ తిరుగుడు ఓపికున్నవాళ్లకి.

అందుకని ధర 42 దగ్గరే ఉంచి, తగ్గించే లక్షను పనిగా అడగండి. కప్‌బోర్డులో, బోరు మోటారో, ప్రహరీ పైన గ్రిల్లో, ఇంకుడు గుంతో. ఏం చేసిస్తాడో అగ్రిమెంటులో రాయించండి.

ఇక అద్దె దండగ అన్న వాదన. 30 లక్షలు, ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 26 వేల పైచిలుకు. మొదటి ఏడాది మీరు కట్టేది 3 లక్షల 12 వేలు. అందులో అసలుకు జమయ్యేది దాదాపు 60 వేలు. మిగతా రెండున్నర లక్షలూ వడ్డీ, అంటే నెలకు 21 వేలు. ఇప్పుడు చెప్పండి, 9,500 అద్దె దండగా, 21 వేల వడ్డీ దండగా? అద్దెకుంటే మిగిలేది నిజంగా దాచుకుంటే మీరేమీ నష్టపోరు. దాచుకోలేరు అనేది వేరే విషయం, చాలామంది సొంతిల్లు కొనేది అందుకే, తప్పని నేననను.

వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందని బిల్డరు చెప్తే, మీరు ఏ పద్ధతిలో రిటర్ను వేస్తున్నారో చూసుకోండి. సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి పాత పద్ధతిలో ఏడాదికి 2 లక్షల దాకా వస్తుంది, కొత్త పద్ధతిలో రాదు.

నా లెక్క ఒకటే. పదేళ్లు అక్కడే ఉంటారా? ఉంటే రేటు ఇంకో రెండు మూడు లక్షలు దిగినా మీకొచ్చే నష్టం కాగితం మీదే. ఈ రెండు మూడేళ్లలో విశాఖో హైదరాబాదో బదిలీ అయ్యే ఉద్యోగమైతే మాత్రం వద్దు. దిగే మార్కెట్లో కొనడం కష్టం కాదు, అమ్మడం కష్టం. మీ బిల్డరే సాక్ష్యం.

వేమగిరి మాస్టారు

బాబాయి గారూ, కాగితాల సంగతి కూడా నాలుగు ముక్కలు చెప్పండి. ఇలాంటప్పుడు బిల్డరు అప్పుల్లో ఉంటాడు.

బ్యాంకు బాబాయి

అవునవును. ఎల్పీ నంబరు, అంటే లేఅవుటుకి ఇచ్చిన అనుమతి నంబరు, అడగండి, అది లేకపోతే మాటలే వద్దు. లేఅవుటు వేసినప్పుడు 15 శాతం ప్లాట్లు అనుమతిచ్చే అథారిటీకి మార్ట్‌గేజ్ పెడతారు, రోడ్లు, డ్రెయిన్లు పూర్తయ్యాకే విడిపిస్తారు. మీ కార్నర్ ప్లాటు అందులోది కాదు కదా? ఒకవేళ అందులోదే అయితే విడుదల డీడు చూడండి. రోడ్లూ పార్కు స్థలమూ పంచాయతీకి గిఫ్ట్ డీడు అయ్యాయా కనుక్కోండి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టికలో, లేదని రిజిస్ట్రేషన్ శాఖ సైటులో మీరే చూసుకోవచ్చు. ఇంటి ప్లాను మంజూరు, కట్టింది రెండూ ఒకటేనా చూడండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఇంటికి జీఎస్టీ ఉండదు, ఆయన అడిగితే ఇవ్వకండి.

పాత లింకు డాక్యుమెంట్లలో పొలం ఎవరి నుంచి వచ్చిందో చూసి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం పెట్టారో లేదో లాయరుతో చదివించండి. బ్యాంకు లీగల్ ఒపీనియన్ బ్యాంకు కోసం. మీ కోసం మీరు ఇంకొకటి చేయించుకోండి.

రాజమండ్రి అద్దెవాసి

మళ్లీ నేనేనండి. ఆషాఢం గడిచింది కాబట్టి చెప్తున్నాను. మొన్నటి వానల్లో మా ఆవిడా నేనూ పొద్దున్నే వెళ్లాం. చివరి ఇంటి ముందు మడమ లోతు నీళ్లు, గేటు దగ్గర ఇటుకలు పేర్చి నడుస్తున్నారు పక్కింటివాళ్లు. కార్నర్ ఇంటి దగ్గర రోడ్డు ఆరిపోయింది, ప్రహరీకి చెమ్మ లేదు. వంటింటి కిటికీ మూల చిన్న గీత ఉంది, ఇంజినీరు పుట్టీదే అన్నాడు. పక్కింటి పిన్నిగారు కాఫీ ఇచ్చి మరీ అన్నీ చెప్పింది. మోటారు వేసవిలోనూ నీళ్లిచ్చిందట, కరెంటు మాత్రం గాలొస్తే పోతుందట.

బిల్డరు లక్ష తగ్గింపు మాట ఎత్తితే వద్దండీ, కప్‌బోర్డులు, బోరు మోటారు, ఇంకుడు గుంత చేయించండి అన్నాను. వింతగా చూశాడు. 42కి ఒప్పుకున్నాడు, ఇంకుడు గుంత దగ్గర బేరం ఆడుతున్నాడు. ఎల్పీ నంబరు, గిఫ్ట్ డీడు చూపించాడు. శ్రావణంలో రిజిస్ట్రేషన్ అనుకుంటున్నాం. బయానా ఎంతివ్వాలి?

బ్యాంకు బాబాయి

లక్ష ఇవ్వండి, చెక్కు మీద. అగ్రిమెంటులో, లోను మంజూరు కాకపోతే బయానా వెనక్కి అని ఒక వాక్యం తప్పకుండా రాయించండి. ఇంకుడు గుంత వదలకండి. ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం, ఇప్పుడు తీసినా, రిజిస్ట్రేషన్ నాడు పొద్దున్న ఇంకోసారి తీయించండి. నెల రోజుల్లో ఆయన ఎక్కడ ఏ కాగితం పెట్టి అప్పు తెచ్చాడో మనకు తెలీదు.