ఇంట్లో కాఫీ గింజలు వేయించేటప్పుడు ఉష్ణోగ్రతను నిలకడగా గమనించడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఉంటాను. అరకు నుంచి తెప్పించుకున్న పచ్చి అరబికా గింజలను ఆరు నెలలుగా ఇనుప మూకుడులో, గ్యాసు పొయ్యి మీద, విడతకు 200 గ్రాముల చొప్పున వేయించుకుంటున్నాను. ఉష్ణోగ్రత చూడడానికి పైనుంచి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడుతున్నాను. వేడికి గింజలు పగులుతూ చేసే మొదటి చిటపట, అంటే ఫస్ట్ క్రాక్, సుమారు 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుందని చదివాను గాని, నా థర్మామీటరులో అది ఒకనాడు 185 దగ్గర, మరొకనాడు 220 దగ్గర వినిపిస్తోంది. గరిటె తిప్పుతూ ఉండగానే అంకె 30 డిగ్రీలు అటూ ఇటూ దూకుతోంది. ఏది రాసుకోవాలో తెలియక, రుచి బాగా కుదిరిన విడతను మళ్లీ తేలేకపోతున్నాను. దయచేసి మార్గం చెప్పగలరు.

సమాధానం 1

మీ పరికరం చెడిపోయి ఉండకపోవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చుక్కంత చోటును కాక, ఒక వలయాన్ని చూస్తుంది. దూరానికీ వలయం వెడల్పుకూ 12:1 నిష్పత్తి గల పరికరాన్ని 30 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుంటే ఆ వలయం వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. గరిటె గింజలను పక్కకు నెట్టిన క్షణంలో ఆ వలయంలోకి వాటికంటే ఎంతో వేడిగా ఉన్న ఇనుము వస్తుంది, మరుక్షణం గింజల పైపొర వస్తుంది. మీరు చూస్తున్న గెంతులు అవే. అందుచేత గింజల మధ్య మునిగి ఉండే కె-రకం థర్మోకపుల్‌కు, అంటే తాకి వేడిని కొలిచే లోహపు కడ్డీకి మారండి. దాని కడ్డీ 3 మిల్లీమీటర్లు లేదా అంతకంటే సన్నగా ఉండాలి. లావు కడ్డీ వేడెక్కడానికే సమయం తీసుకుంటుంది కనుక అంకె ఎప్పుడూ వెనుకబడే ఉంటుంది.

సమాధానం 2

పై సమాధానంతో ఏకీభవిస్తూ, కడ్డీని అమర్చే పద్ధతి గురించి కొంత చెబుతాను, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది అక్కడే. కొన మూకుడు అడుగును తాకకూడదు, అలాగని గింజల పైకి తేలకూడదు. అడుగు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తున, గరిటెకు అడ్డురాని పక్కన, ప్రతిసారీ అదే చోట బిగించండి. ముందుగా మరుగుతున్న నీటిలో పరీక్షించండి. హైదరాబాదు ఎత్తులో నీరు సుమారు 98 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి 100 చూపలేదని కంగారుపడవద్దు.

గింజలు పోయగానే అంకె 190 నుంచి 90కి పడిపోయి మళ్లీ లేస్తుంది. నిజానికి గింజలు ఒక్క క్షణమైనా చల్లబడలేదు. ఖాళీ మూకుడులో కాలిన కడ్డీ చల్లని గింజలతో సర్దుకుంటోంది, అంతే. ఆ మలుపు తరువాత ప్రతి 30 సెకన్లకు అంకె రాసుకోండి. 150 నుంచి 158కి వచ్చిందంటే నిమిషానికి 16 డిగ్రీల పెరుగుదల. అంకెకంటే ఈ వేగమే ఎక్కువ ఉపయోగపడుతుంది, అది క్రమంగా తగ్గుతూ రావాలి. గింజలు పసుపురంగుకు తిరిగిన క్షణాన్నీ, మొదటి చిటపటనూ అదే కాగితంపై గుర్తించండి.

మొదట్లో నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. చిటపట మొదలయ్యాక గింజల్లోని ఆవిరి ఒక్కసారిగా బయటికి రావడంతో కడ్డీ అంకె మందగించింది. వేడి చాలలేదనుకుని మంట పెంచాను. కాసేపటికే, గింజలు మరీ ముదురుగా వేగినప్పుడు వచ్చే రెండో చిటపట కూడా దాటిపోయి, గింజలు నూనె కక్కి నల్లబడ్డాయి. ఆ విడత మల్లెమొక్క మొదట్లోకి పోయింది. మంటను చిటపటకు ఒక నిమిషం ముందే కొద్దిగా తగ్గించాలి తప్ప, ఆ సమయంలో పెంచకూడదు.

సమాధానం 3

కడ్డీ మంచిదే గాని, చేతితో కలిపే మూకుడులో దానిమీద పూర్తిగా ఆధారపడడం నాకు నచ్చదు. నేను చెవినీ తూకాన్నీ నమ్ముతాను. చేటలో చెరిగి పొట్టు పోగొట్టి, చల్లారాక తూచండి. 200 గ్రాములు 170కి వస్తే 15 శాతం తరుగు, నా నాలుకకు ఫిల్టరు కాఫీకి అది చక్కగా సరిపోతుంది. రెండు విడతల్లో ఉష్ణోగ్రత ఒకటే చూపినా తరుగులో రెండు శాతం తేడా ఉంటే, అవి ఒకేలా వేగలేదని తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సన్న కడ్డీ తెచ్చి, తీగతో మూకుడు చెవికి కట్టి మూడు విడతలు వేయించాను. మొదటి చిటపట 188, 190, 189 దగ్గర వినిపించింది. మూడో విడతలో తరుగు మాత్రం 17 శాతానికి పోయింది. కాగితం చూస్తే, చిటపట తరువాత పొయ్యి ఆపడానికి ఆనాడు ఒకటిన్నర నిమిషం ఆలస్యం చేశానని తేలింది.

సమాధానం 2

అయితే మీ మూకుడుకు 189నే గుర్తు పెట్టుకోండి, 196 కోసం వెతకవద్దు. కడ్డీ జరిగినా, గింజల పరిమాణం మారినా ఆ అంకెను మళ్లీ చూసుకోవలసి ఉంటుంది.