పిల్బరా బోర్లలో దొరికిన స్కైజోమిడ్లు: కొత్త జాతిగా వర్ణించడానికి ఇవి చాలుతాయా?

ప్రశ్న: బోరుగట్టు

పశ్చిమ ఆస్ట్రేలియా పిల్బరాలో ఇనుప ఖనిజం కోసం తవ్విన బోర్లలోకి ఎండుటాకుల ఉచ్చులు దించితే స్కైజోమిడ్లు (పొట్టితోక కొరడాతేళ్లు) తొమ్మిది వచ్చాయి. ఒకే మెసా (పైన చదునుగా ఉండే గుట్ట) మీద మూడు బోర్లు. ఒక మగది, మూడు ఎదిగిన ఆడవి, ఐదు పిల్లలు. కళ్లు లేవు, పాలిపోయిన రంగు, ఒళ్లు 4 మిల్లీమీటర్ల లోపే. డ్రాకులాయిడీస్ ప్రజాతి అనే అనిపిస్తోంది. అన్నీ 100 శాతం ఇథనాల్‌లో, మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉన్నాయి. పక్క మెసా ఆడదాని సీఓఐ (జాతుల్ని పోల్చడానికి వాడే మైటోకాండ్రియా జన్యువు) వరుసతో తేడా బాగానే కనిపిస్తోంది. హోలోటైప్‌గా, అంటే కొత్త పేరుకు ఆధారంగా నిలిచే ఒక్క నమూనాగా, దేన్ని పెట్టాలి? డీఎన్‌ఏ కోసం ఏ కాలు తీయాలి? శుక్రగ్రాహికలు (ఆడదాని ఒంట్లో శుక్రకణాలు దాచే సంచులు) పాడవకుండా ఎలా చూడాలి?

జవాబు: సాలెగూడు

మగదాన్నే హోలోటైప్‌గా పెట్టండి. స్కైజోమిడ్ల క్రమంలో (ఆర్డర్) మగదాని కశాభం, అంటే ఆ పొట్టి తోక, ఒకే ముక్కగా ఉబ్బి ఉంటుంది. జత కట్టేటప్పుడు ఆడది దాన్ని కెలిసెరాలతో (నోటి దగ్గరి కొండ్లతో) పట్టుకుంటుంది. దాని ఆకారం జాతిజాతికీ మారుతుంది కాబట్టి పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి మూడు బొమ్మలూ గీయాలి. శూకాలు (బిరుసు వెంట్రుకలు) ఒక్కొక్కటీ ఎక్కడ మొలిచాయో గుర్తించండి. శూకం రాలిపోయినా దాని గుంట మిగులుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఆడదాని కశాభం సన్నగా, మూడు నాలుగు ఖండాలుగా ఉంటుంది. పిల్లలదీ చూడ్డానికి అలాగే ఉంటుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. "ఎదిగిన ఆడవి" అన్న మూడూ నిజంగా ఎదిగినవేనా అన్నది శుక్రగ్రాహికలు కనిపించాకే తేల్చండి.

కాలు: ఎడమవైపు మూడోది తీయండి. మొదటి జతను ముట్టుకోవద్దు. అవి నడవడానికి కాదు, మీసాల్లా తడిమి చూడడానికి. నేల కింది బతుక్కి ఎంత అలవాటుపడిందో చెప్పే కొలత వాటి పొడవే. నాలుగో జత తొడ ఎగిరి దూకడానికి లావెక్కి ఉంటుంది, దాని పొడవు-వెడల్పు నిష్పత్తి వర్ణనలో తప్పకుండా కావాలి. తీసిన కాలు 100 శాతం ఇథనాల్‌లోనే ఉంచి, ఒంటిని మాత్రం 90, 80, 75 శాతం అంటూ మెట్లుగా దించండి. పూర్తి ఇథనాల్‌లో కాళ్లు పెళుసెక్కి, పట్టకారు తగలగానే విరుగుతాయి.

శుక్రగ్రాహికల కోసం పొట్ట కింద రెండో ఉరఃఫలకాన్ని (గట్టి పలకను) సన్న సూదితో అంచుల వెంట విడదీసి లేపండి. కండ పోయి లోపలిది తేటపడడానికి లాక్టిక్ ఆమ్లం నిదానం, కానీ భద్రం. మామూలు గది వేడిమి దగ్గరే వదిలి, మధ్యమధ్యలో చూస్తుండండి. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే మాత్రం కుర్చీలోంచి లేవకూడదు, కొన్ని నిమిషాలకోసారి చూడాలి. రాత్రంతా వదిలేస్తే పల్చటి గోడలు కరిగిపోయి లంబికలు (శుక్రగ్రాహికల తమ్మెలు) ఎన్నో కూడా తెలియదు. కండ పోయాక క్లోరజాల్ బ్లాక్ అనే రంగు లేతగా పట్టిస్తే అంచులు తేలతాయి. కవర్‌స్లిప్ వేసే ముందే ఒక బొమ్మ గీయండి. అది నొక్కితే లంబికలు విచ్చుకుని, ఆ వంపే జాతి లక్షణమని భ్రమపడతాం. చూడడం అయ్యాక ఆ ముక్కను చిన్న గాజుగొట్టంలో వేసి అదే సీసాలో ఉంచాలి.

జవాబు: గుహవాసి

పై జవాబుతో ఏకీభవిస్తూనే, అంతకంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది. ఆ మగదీ ఆ ఆడవీ ఒకే జాతి అని ఎలా తెలిసింది? ఒకే మెసాలో దొరికినంత మాత్రాన ఒకటే కావాలని లేదు. పిల్లలతో సహా తొమ్మిదింటి సీఓఐ తీయండి. ఆకారం చెప్పలేని పిల్లలు ఇక్కడ బాగా పనికొస్తాయి. మూడు బోర్ల మధ్య లోపలి తేడా ఎంతో చెప్పేది అవే.

వరుసల మధ్యలో స్టాప్ కోడాన్లు (ప్రోటీన్ తయారీని ఆపే గుర్తులు) కనబడితే అది కేంద్రకంలోకి చేరిన, పనిచేయని నకలు, పక్కన పెట్టండి. సీఓఐ ఒక్కదాని మీదే జాతి నిలబెట్టకండి. నేల కింద ఒకదానికొకటి అందని గుంపుల్లో మైటోకాండ్రియా తేడా త్వరగా పేరుకుంటుంది. కేంద్రకంలోని 28ఎస్ గానీ ఐటీఎస్2 గానీ తోడు కావాలి. ఇంత శాతం దాటితే కొత్త జాతి అనే గీత కూడా నాకు నమ్మకం లేదు. గుంపు లోపలి తేడాకీ, గుంపుల మధ్య తేడాకీ ఖాళీ ఉందా అన్నదే చూడాలి.

మెసాకో జాతి ఉండడం అక్కడ కొత్తేమీ కాదు. పిల్బరాలోనే రోబ్ లోయ మెసాల నుంచి 2008లో పారాడ్రాకులాయిడీస్ అనే ప్రజాతి కట్టి నాలుగు జాతులు వర్ణించారు. 2020లో ఆ ప్రజాతిని డ్రాకులాయిడీస్‌లో కలిపేశారు. కాబట్టి పాత పేర్లతో ఉన్న టైపులతోనూ (ఆ పేర్లకు ఆధారమైన నమూనాలతోనూ) పోల్చాలి. మీ రెండు మెసాల మధ్య బోర్లు లేకపోతే ఆ తేడా దూరంతో క్రమంగా పెరిగిందేమో చెప్పలేం. గని తవ్వకం ముందున్న చోట ఇది చిన్న విషయం కాదు. తప్పుగా రెండు జాతులన్నా నష్టమే, ఉన్న జాతిని గుర్తించకపోయినా నష్టమే.

గోకుడు వలతో (బోరు గోడల్ని గోకుతూ పైకి లాగే వలతో) కూడా పట్టారా? అయితే బోరుకీ బోరుకీ మధ్య వలను బాగా కడిగారో లేదో చూడండి. వలలో ఇరుక్కున్న ఒక్క కాలు తర్వాతి బోరు సీసాలోకి చేరితే చాలు, ఏ జాతి ఎక్కడుందో చూపే పటం తప్పిపోతుంది.

బోరుగట్టు

వల వాడలేదు, ఉచ్చులే. ఆకులు మైక్రోవేవ్‌లో వేడిచేసి, తడిపి, ఏడు వారాలు ఉంచాం. పక్క మెసాలో మగది దొరక్కపోతే అక్కడి జాతికి పేరు పెట్టకూడదా?

జవాబు: నామకరణం

పెట్టొచ్చు. హోలోటైప్ మగదే కావాలని జంతువుల పేర్లకు వర్తించే అంతర్జాతీయ నామకరణ నియమావళి ఎక్కడా అనదు. పైగా ఈ క్రమంలో మగవి లేకుండానే పిల్లలు పెట్టే గుంపులున్నాయి. స్టెనోక్రస్ పోర్టోరికెన్సిస్ అనే జాతి యూరప్ గాజుగృహాల దాకా అలాగే పాకింది. శుక్రగ్రాహికలూ రెండు జన్యువులూ ఒకే మాట చెబితే ఆడదాన్నే హోలోటైప్‌గా పెట్టండి. ఒక్క పిల్ల మీద మాత్రం పెట్టకండి, తర్వాత వచ్చేవాళ్లు దేనితోనూ పోల్చలేరు.

వ్యాసంలో హోలోటైప్ ఏదో స్పష్టంగా రాయాలి, అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో చెప్పాలి. 1999 తర్వాతి పేర్లకు ఈ రెండిట్లో ఏది లేకపోయినా పేరు చెల్లదు. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే ముందే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టికలో) నమోదు చేసి, ఆ ఆధారం వ్యాసంలోనే కనబడేలా చూడాలి. డ్రాకులాయిడీస్ పుంలింగం కాబట్టి విశేషణం పెడితే "ఆల్బస్" అనాలి, "ఆల్బా" కాదు.

బొర్రా, బెలూం లాంటి మన గుహల్లో పనిచేసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి సంగతి నిర్దేశిత సంస్థకు తెలిపి, నమూనాలు అక్కడ అప్పగించాలి. జంతువులకు అలాంటి సంస్థ జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా.

ఒక్క మాట: బోరు సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు, ఉచ్చు లోతు, దించిన తేదీ, తీసిన తేదీ పెన్సిల్‌తో రాసి చీటీని సీసా లోపలే వేయండి. బాల్‌పెన్ సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది.