పాత విశాఖ జిల్లా స్థూలకాయం లెక్కల్ని ఇప్పటి హద్దుల ప్రకారం విడదీయడం ఎలా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అధిక బరువు లేదా స్థూలకాయం (బీఎంఐ 25, ఆపైన) ఉన్న మహిళలు 2015-16లో 33.2 శాతం, 2019-21లో 36.3 శాతం. విశాఖ నగరం, అనకాపల్లి మైదానం, పాడేరు ఏజెన్సీలలో ఈ మార్పు విడివిడిగా ఎలా ఉందో చూడాలి.

జిల్లా ఫ్యాక్ట్‌షీట్లతో పని జరగలేదు. రెండు సర్వేలూ 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనకు ముందువి. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లూ చింతపల్లి కొండ ఊళ్లూ ఒకే సగటులో కలిసిపోయాయి. ఏజెన్సీలో బరువు తక్కువున్న తల్లుల సంగతి ఆ సగటు చాటున కనబడకుండా పోతోంది, నాకు అదే బాధ.

అందుకని ఈ సర్వేల డేటా ఇచ్చే డీహెచ్‌ఎస్ (డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేస్) సైట్ నుంచి రెండు సర్వేల యూనిట్ డేటా (ఒక్కొక్కరి వివరాలు), జీపీఎస్ ఫైళ్లు తీసుకున్నాను. గర్భిణుల్నీ, గత రెండు నెలల్లో ప్రసవించినవాళ్లనీ తీసేశాను, శాంపిల్ వెయిట్లు (శాంపిల్ అసలు జనాభాను సరిగ్గా చూపేలా ఇచ్చే తూకాలు) వేశాను. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త హద్దుల మీద క్లస్టర్లు (సర్వేకు ఎంచుకున్న ఊళ్లు, వార్డుల చుక్కలు) పెట్టాను. చిక్కు ఇక్కడే వచ్చింది. గోప్యత కోసం గ్రామీణ క్లస్టర్లను 5 కిలోమీటర్ల దాకా, కొన్నింటిని 10 దాకా జరుపుతారు. దాంతో మాడుగుల, గొలుగొండ వైపు చుక్కలు కొండ మీదివో కిందివో తెలియడం లేదు. హద్దు పక్కవన్నీ వదిలేసి చూస్తే ఏజెన్సీ శాంపిల్ మరీ చిన్నదై, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి) ఎందుకూ పనికిరానంత వెడల్పు వస్తోంది.

ఇలాంటి హద్దు క్లస్టర్లను రెండు సర్వేలకూ ఒకేలా ఏజెన్సీకో మైదానానికో కేటాయించడానికి మీరు వాడిన పద్ధతి ఏది?