మొదటిసారి స్కీయింగ్‌కి: ఎత్తైన రిసార్టా, చెట్ల మధ్య ఊరా?

శ్వేతగిరి:
నలుగురు స్నేహితులం కలిసి వారం రోజులు స్కీయింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరం కొత్తవాళ్లం, మిగతా ఇద్దరికీ బాగానే వచ్చు. డిసెంబరు చివర, ఆల్ప్స్ అన్నంతవరకు తేలింది. ఇప్పుడు గొడవంతా ఏ ఊరన్నదే. ఒకరు ఫ్రాన్స్‌లోని వాల్ తోరాన్స్ అంటున్నారు, ఇంకొకరు ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్ అని పట్టుబడుతున్నారు. మీరైతే ఎటు వెళ్తారు?

హిమవాహిని:
ఆలోచించేదేముందండీ, వాల్ తోరాన్స్. ఊరే 2,300 మీటర్ల ఎత్తులో ఉంది, స్కీ చేసేవాళ్లను కొండెక్కించే తీగల లిఫ్టులు 3,200 దాటి వెళ్తాయి. కిట్స్‌బ్యూల్ ఊరు 800 మీటర్లు కూడా లేదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. పైన మంచు పడుతున్న రోజే కింద వాన పడొచ్చు. 2023 కొత్త సంవత్సరం నాటికి ఆల్ప్స్‌లో చాలా కింది ఊళ్లలో పచ్చటి కొండ మీద కృత్రిమ మంచు పట్టీ ఒక్కటే మిగిలింది. మంచు యంత్రాలున్నాయిగా అంటారు. మామూలు యంత్రాలకు గాలి సున్నా కంటే కిందికి చల్లబడాలి, తేమ ఎక్కువుంటే ఇంకా చల్లబడాలి. మంచే లేకపోతే ఊరు ఎంత అందంగా ఉండి ఏం లాభం?

వాలుదారి:
హిమవాహిని గారి లెక్క నిజమే. డిసెంబరులో మంచు కావాలంటే ఎత్తు కావాల్సిందే. కానీ మంచు ఉన్నంత మాత్రాన ఆ రోజు స్కీ చేస్తారని లేదు. వాల్ తోరాన్స్ చెట్లు పెరిగే హద్దుకు పైన ఉంది. అక్కడ మబ్బు దిగిందంటే నేల, ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోతాయి. ముందున్నది గుంటో గట్టో తెలియదు. అలవాటున్నవాళ్లు ట్రాకు అంచున పాతిన కర్రలు చూసుకుంటూ దిగుతారు. కొత్తవాళ్లకు కళ్లు తిరుగుతాయి, జారుతున్నామో ఆగామో కూడా అర్థం కాదు. ఆగామనుకుని నడుం ఎత్తగానే పడిపోతారు. చెట్ల మధ్యైతే అదే మబ్బులో కూడా నల్లటి కాండాలు కనిపిస్తుంటాయి, నేల ఎటు వాలిందో కంటికి అందుతుంది. గాలి రేగితే ముందు ఆపేసేదీ పైనున్న లిఫ్టులనే.

పోనీ మంచుకైనా ఎత్తొక్కటే కారణమా? జపాన్‌లో నిసెకో అన్నుపురి కొండ 1,308 మీటర్లే. సైబీరియా చలిగాలి సముద్రం దాటుతూ తేమ పట్టుకుని వచ్చి అక్కడ మంచుగా కుమ్మరిస్తుంది. ఆల్ప్స్‌లోనూ ఉత్తరం వైపు వాలు మీద మంచు పొడిగా నిలుస్తుంది, దక్షిణం వైపుది ఎండకు కరిగి రాత్రికి ఐసవుతుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లు శిఖరం ఎత్తు, మొత్తం కిలోమీటర్లు పక్కన పెట్టండి. వాల్ తోరాన్స్ ఉన్న త్రీ వ్యాలీస్‌లో, అంటే లిఫ్టులతో కలిపిన పక్కపక్క లోయల్లో, 600 కిలోమీటర్ల ట్రాకులున్నాయి. మొదటి వారం మీరు తిరిగేది రెండు మూడు లిఫ్టుల చుట్టూనే. నేర్చుకునే వాలు ఎక్కడుందో చూడండి. మరీ కింద ఉంటే ముందు మంచు పోయేది అక్కడే. పైన ఉంటే తిరిగి లిఫ్టులో దిగనిస్తారా, స్కీ మీదే రావాలా అని కనుక్కోండి. సాయంత్రం నాలుగింటికి ఊళ్లోకి దిగే ఆఖరి దారి ఎలా ఉంటుందంటే, పొద్దుట్నుంచి జనం గీకేసిన మంచు కింద ఐసు తేలి ఉంటుంది. దారి ఇరుకు. అందరూ ఒకేసారి కిందికి బయల్దేరతారు. మీ తొడల్లో సత్తువ ఉండదు. మోకాలు మెలిపడేది ఇలాంటి చోటే. మ్యాప్‌లో ఆ దారి ఎర్ర గీతై (అంటే కొత్తవాళ్లకు కష్టమైనదై), కిందికి దించే లిఫ్టు కూడా లేకపోతే, ఎంత పేరున్న ఊరైనా మొదటి వారానికి వద్దు.

హిమవాహిని:
వాలుదారి గారూ, మీ పరీక్షలో గెలిచేది వాల్ తోరాన్సే కదా! కొత్తవాళ్ల వాలు ఊరిని ఆనుకునే ఉంది, అదీ 2,300 మీటర్ల దగ్గర. మబ్బు పట్టిన రోజు పోతే ఒక రోజు పోతుంది. మంచు లేకపోతే వారమంతా పోతుంది.

కొండగాలి:
ఎత్తులో నిద్ర సంగతి కూడా చూసుకోండి. అంత పైన మొదటి రెండు రాత్రులు కొందరికి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. తేదీలు జనవరి చివరికి జరపగలిగితే కింది ఊళ్లలోనూ మంచు దొరికే అవకాశం బాగా పెరుగుతుంది, సెలవుల రద్దీ కూడా ఉండదు.

శ్వేతగిరి:
తేదీలు జరపడం కుదరదండీ, అందరికీ సెలవు దొరికేది అప్పుడే. కొత్తవాళ్ల కోసం స్కీయింగ్ బాగా తెలిసిన ఇద్దరూ వారమంతా చిన్న వాలు మీదే ఉండాలంటే వాళ్లకు విసుగు. అదీ ఆలోచించాలి.

వాలుదారి:
డిసెంబరు ఖాయమైతే కిట్స్‌బ్యూల్ నేనూ వద్దనే అంటాను. అలాగని వాల్ తోరాన్సే గతి కాదు. అదే త్రీ వ్యాలీస్‌లో కూర్చెవెల్ ఉంది. దాని పై ఊరు 1,750, 1,850 మీటర్ల మధ్య ఉంటుంది, చుట్టూ చెట్లు, ఊరి పైనే వెడల్పాటి ఆకుపచ్చ గీతల ట్రాకులు, అంటే అన్నిటికంటే తేలికవి. కొత్తవాళ్లిద్దరూ అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌తో నేర్చుకుంటారు. మిగతా ఇద్దరూ లిఫ్టులు మారుతూ వాల్ తోరాన్స్ దాకా వెళ్లి రావచ్చు.

హిమవాహిని:
అంత ఎత్తంటే నాకూ అభ్యంతరం లేదు. నా భయమల్లా 800 గురించే. పైకి వెళ్లే ఇద్దరికీ ఒక్క మాట: లోయల్ని కలిపే ఆఖరి లిఫ్టు ఎన్నింటికి ఆగుతుందో పొద్దున్నే చూసి ఫోన్‌లో పెట్టుకోండి. అది తప్పితే పక్క లోయలో చిక్కుకుపోతారు, చీకట్లో కొండంతా చుట్టి రోడ్డు మీద రావాలి.