‘ఉభయులూ’ అంటే కలిసా, విడివిడిగానా?

ప్రశ్న: ‘ఈ ఒప్పందాన్ని ఉభయులూ రద్దు చేయవచ్చు’ అని అద్దె పత్రంలో రాశారు. ఒక్కరు తలచుకుంటే సరిపోతుందా, ఇద్దరూ ఒప్పుకోవాలా?

జవాబు: రెండర్థాలూ వస్తాయండీ. ‘ఉభయుల్లో ఎవరైనా’ అని రాయించుకుంటే పేచీ ఉండదు. సరిగ్గా ఈ తేడా మీదే 1856లో జపానులో అమెరికా దౌత్యవేత్త టౌన్‌సెండ్ హారిస్‌కు ఓడ దిగీ దిగకముందే చిక్కు వచ్చిపడింది. 1854లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ జపానుతో కుదుర్చుకున్న కనగావా ఒప్పందం పదకొండో నిబంధన చూడండి. పద్ధెనిమిది నెలలు గడిచాక, ‘రెండు ప్రభుత్వాల్లో ఏది అవసరమనుకున్నా’ షిమోదా రేవులో అమెరికా కాన్సుల్‌ను నియమించవచ్చని ఇంగ్లీషు ప్రతి. జపనీసు ప్రతిలో ఉన్నది ‘ర్యోగొకు’, అంటే ఉభయ దేశాలు. హారిస్ వస్తే, ‘మేము అవసరమని అనుకోలేదే’ అన్నారు అక్కడి అధికారులు.

మరొకరు: అయితే తప్పు దుబాసీలదేనంటారా?

జవాబు: అంత తేలిగ్గా వాళ్ల మీదికి నెట్టలేను. విదేశీయుడు తమ నేల మీద కాపురం పెట్టడం షోగున్ (జపానును ఏలే సైనిక పాలకుడు) ప్రభుత్వానికి ఇష్టం లేదు. ‘ఉభయ’ అన్న మాట అడ్డుపెట్టుకోవడానికి పనికొచ్చింది. హారిస్ కూడా వ్యాకరణం చెప్పి నెగ్గలేదు. వెళ్లనని భీష్మించి, గ్యోకుసెన్‌జి ఆలయంలో మకాం పెట్టి, సెప్టెంబరు 4న జెండా ఎగరేశాడు. ఏడాది దాటాక గాని ఎదో నగరంలో (నేటి టోక్యో) షోగున్ ఇయెసద దర్శనం దొరకలేదు. 1858లో వాణిజ్య ఒప్పందం సాధించాడు. ఆ మొండితనం మెచ్చుకోదగ్గదే గాని, ఆ ఒప్పందంలో జపానులో నేరం చేసిన అమెరికన్లను అమెరికా కాన్సుల్ కోర్టే విచారించాలన్న నిబంధనను మెచ్చుకోలేను.

మరొకరు: ఈసారి ఏ భాష ప్రతిని ప్రమాణంగా పెట్టుకున్నారు?

జవాబు: డచ్చి! ఇంగ్లీషు, జపనీసు, డచ్చి ప్రతులు మూడింటికీ అర్థం ఒకటేనని, అయినా డచ్చి ప్రతినే మూలంగా చూడాలని పద్నాలుగో నిబంధనలో రాసుకున్నారు. అప్పటి జపాను దుబాసీలకు బాగా వచ్చిన యూరపు భాష అదే. హారిస్ పక్కనున్న దుబాసీ హ్యూస్కెన్ కూడా డచ్చివాడే. 1861 జనవరిలో ఎదో వీధిలో అతణ్ని నరికి చంపారు. బ్రిటన్, ఫ్రాన్సు దూతలు నిరసనగా యొకొహామాకు తరలిపోయారు. నగరం విడిచిపోతే మళ్లీ కాలు పెట్టడం కష్టమని హారిస్ మాత్రం కదలలేదు. నా లెక్కలో ఆయన చేసిన అసలు దౌత్యం అదే.