ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే పిల్ల చేతులు మరుగుతుందా?

కొత్తమ్మ_బెజవాడ: పాపకి ఐదో నెల. ఏడవగానే ఎత్తుకుంటాను. "చేతులు మరిగితే ఇక కింద పెట్టనివ్వదు, కాసేపు ఏడవనీ" అంటారు మా అత్తగారు. ఏం చేయాలి?

నిడదవోలు_పెద్దమ్మ: ఆవిడ చెప్పింది నిజమే తల్లీ. మా పెద్దాణ్ణి మా అత్త ఎప్పుడూ చంకనేసుకుని తిరిగేది. ఆవిడ ఊరెళ్తే నన్ను స్నానానికి కూడా వెళ్ళనిచ్చేవాడు కాదు. వంట, బట్టలు, పాడి అన్నీ నేనే. ఎత్తుకోమని చెప్పేవాళ్ళెవరూ వచ్చి గిన్నెలు తోమరు.

సైకాలజీ_పీజీ: 1972లో బెల్, ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్టులు 26 మంది తల్లీబిడ్డల్ని ఇళ్ళకెళ్ళి చూసి రాశారండీ. ఏడిస్తే త్వరగా పలికిన తల్లుల పిల్లలు ఏడాది నిండేసరికి తక్కువ ఏడ్చారు. పిలిస్తే మనిషి వస్తుందన్న భరోసా అలాగే ఏర్పడుతుంది.

నిడదవోలు_పెద్దమ్మ: 26 మందేనా? మా వీధిలో అంతకన్నా ఎక్కువమంది పెరిగారు.

నైట్‌షిఫ్ట్_నాన్న: ఆ స్టడీని 1977లోనే గెవిర్ట్జ్, బాయిడ్ తప్పుబట్టారు. 2000లో వచ్చిన డచ్ స్టడీలో కూడా అదే ఫలితం రాలేదు.

సైకాలజీ_పీజీ: ఆ ఒక్క స్టడీనే పట్టుకుని కూర్చుంటే ఎలా? ప్రతి ఏడుపుకీ పరిగెత్తమని నేననలేదు. ట్రానిక్ అనే సైకాలజిస్టు గమనించిన మామూలు తల్లీబిడ్డల్లో కూడా చాలాసేపు ఒకరి ధోరణి ఒకరికి కుదరలేదు, మళ్ళీ సర్దుకున్నారు. పాలు మరుగుతుంటే రెండు నిమిషాలు ఆగినంత మాత్రాన ఏమీ అయిపోదు. రోజూ ఏడిపించి వదిలేయడం వేరు.

చిత్తూరు_రవి: మాటతో పలికినా చాలు కదా.

నిడదవోలు_పెద్దమ్మ: తల్లి, తల్లి, తల్లి! మీ చదువుల్లో తండ్రి అనేవాడే లేడా? నా ముగ్గురు పిల్లల్లో ఒక్కణ్ణయినా మా ఆయన అర్ధరాత్రి లేచి ఎత్తుకుంది లేదు. నా నడుము పోయింది.

సైకాలజీ_పీజీ: ఉన్నాడండీ. 1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో పిల్లల మీద షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు రాసిందే అది. ఏడాదిన్నరకల్లా చాలామంది పిల్లలు తండ్రికీ, ఇంట్లో మిగతావాళ్ళకీ కూడా చేరువయ్యారు.

కొత్తమ్మ_బెజవాడ: మా ఆయన పక్కగదిలోనే ఉంటారు. పాప ఏడిస్తే తలుపేసుకుంటారు. అత్తగారు నన్నే అంటారు, ఆయన్ని ఒక్కమాట అనరు.

నైట్‌షిఫ్ట్_నాన్న: డ్యూటీ చేసొచ్చినవాడు నిద్రపోవద్దా?

నిడదవోలు_పెద్దమ్మ: మరి ఆ తల్లి ఎప్పుడు నిద్రపోవాలి నాయనా? అది చెప్పు ముందు. అమ్మా, నువ్వు తలుపు కొట్టి పాపని ఆయన చేతికియ్యి. మీ అత్తగారు ఏమన్నా అంటే అననీ.