ఒంటారియో కాథలిక్ బోర్డు స్కూళ్లలో పిల్లలున్నవాళ్లు కాస్త చెప్పండి: అడ్మిషన్, ఐఈపీ, హైస్కూలు

గుణదల_కోడలు:
నమస్కారం అండీ. ఈమధ్యే విజయవాడ నుంచి కెనడాలోని మిస్సిసాగా వచ్చాం. మా అత్తగారి వైపు తరతరాలుగా కాథలిక్కులు. నేను హిందువుని. పిల్లలకి ఇంకా జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించలేదు. ఇంటి పక్క వీధిలోనే కాథలిక్ స్కూలు ఉంది, పబ్లిక్ స్కూలుకైతే బస్సెక్కాలి. పాప రెండో తరగతి. ఇంగ్లిష్ గడగడా మాట్లాడుతుంది గానీ పుస్తకం ఇస్తే బొమ్మ చూసి కథ అల్లేస్తుంది. మధ్యలో మాట ఎగిరిపోయినా తనకి పట్టదు. బాబు ఎనిమిదో తరగతి, వచ్చే ఏడు హైస్కూలు. బోర్డు వెబ్‌సైట్లో "ప్రతి విద్యార్థికీ ప్రణాళిక, తోడ్పాటు" అని పేజీలకి పేజీలు రాశారు. అందులో నిజంగా చేతికొచ్చేది ఎంత?

ఫిరంగిపురం_బాబాయ్:
అమ్మా, ముందు ఒక సంగతి. ఇక్కడ కాథలిక్ స్కూలంటే మన ఊరి కాన్వెంటు కాదు. ఫీజు లేదు, సిస్టర్లు నడిపేదీ కాదు. ప్రభుత్వ డబ్బుతో నడిచే బడే. ఒంటారియోలో 72 స్కూలు బోర్డులుంటే (ఒక్కో ప్రాంతపు బళ్లని నడిపే సంస్థలివి) వాటిలో 37 కాథలిక్‌వి (29 ఇంగ్లిష్, 8 ఫ్రెంచి). సిలబస్ పబ్లిక్ బడిదే, పైన మతబోధ అదనం.

ప్రైమరీలో చేరాలంటే చాలా బోర్డుల్లో కాథలిక్ అని రుజువు చూపాలి. బిడ్డ జ్ఞానస్నానం సర్టిఫికెట్ లేకపోతే చాలా బోర్డులు తల్లిదండ్రుల్లో ఒకరిది ఒప్పుకుంటాయి, కాబట్టి మీ ఆయనది చెల్లొచ్చు. బోర్డు బోర్డుకీ తేడా ఉంటుంది, ఆఫీసులో కనుక్కోండి. మనవాళ్లకి చిక్కు వచ్చేది పేర్ల దగ్గర. విచారణ (పారిష్ చర్చి) రిజిస్టర్లో అంతోని అని ఉంటుంది, పాస్‌పోర్టులో అనిల్ కుమార్ అని ఉంటుంది. ఇప్పుడే మీ విచారణ గురువులకి ఫోన్ చేసి కొత్త నకలు, ఇద్దరూ ఒకరేనని లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇంగ్లిష్‌లో తెప్పించుకోండి. ఆగస్టు ఆఖర్లో మొదలుపెడితే హడావుడి అవుతుంది.

స్కూల్ సపోర్ట్ ఫారం కూడా ఇస్తారు. అద్దె ఇంట్లో ఉన్నా నింపాలి. మీ విద్యా పన్ను ఏ బోర్డు పేరు మీద నమోదవ్వాలో చెప్పే కాగితం అది. ఎటు రాసినా పన్ను రేటు మారదు. ఎన్నికల్లో ఏ బోర్డు ట్రస్టీకి (బోర్డుకి ఎన్నికయ్యే సభ్యుడు) ఓటేస్తారో మాత్రం మారుతుంది.

సీఎస్ఐ_అక్క_బ్రాంప్టన్:
మాలాంటివాళ్లకి అక్కడే తలుపు మూసుకుంటుంది. మాది సీఎస్ఐ, ప్రొటెస్టంట్లం. నాలుగు తరాల క్రైస్తవులం, ఆదివారం చర్చి తప్పదు, బాప్తిస్మం సర్టిఫికెట్ లామినేషన్ చేయించి మరీ తెచ్చుకున్నాం. ప్రైమరీకి అది కాథలిక్ కాదన్నారు. గుంటూరు లూథరన్లకీ, బాప్టిస్టులకీ ఇదే మాట. కోపం వచ్చింది గానీ అది వాళ్ల నిబంధన. పిల్లల్ని పబ్లిక్‌లో వేశాం, బాగానే చదువుకున్నారు.

హైస్కూలుకి వచ్చేసరికి లెక్క వేరు. 9 నుంచి 12 వరకు ఏ మతం వాళ్లయినా కాథలిక్ హైస్కూల్లో చేరొచ్చు. మా పెద్దాడు అలాగే చేరాడు. వాడి క్లాసులో సిక్కులు, హిందువులు, ముస్లింలు అందరూ ఉన్నారు.

ప్రశ్నలరాయుడు:
ఒక్క మతానికే ప్రజల సొమ్ముతో బళ్లేమిటి? మిగతావాళ్లు ఏం పాపం చేశారు?

ఫిరంగిపురం_బాబాయ్:
1867 కెనడా రాజ్యాంగంలో 93వ సెక్షన్ కింద వచ్చిన హక్కు. అప్పట్లో మైనారిటీ కాథలిక్కులకిచ్చిన మాట. హైస్కూలు చివరిదాకా పూర్తి నిధులు ఇస్తామని 1984లో ఒంటారియో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) బిల్ డేవిస్ ప్రకటించాడు. ఇది వివక్షేనని 1999లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ కూడా అంది. క్యుబెక్, న్యూఫౌండ్‌ల్యాండ్ 90లలోనే మతబోర్డులకి స్వస్తి చెప్పాయి. ఒంటారియో చెప్పలేదు. వాదించాలనుకుంటే వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను. ఈ అమ్మాయికి పాప చదువు ముఖ్యం.

కరీంనగర్_నాన్న:
పాప గురించి నేన్ జెప్త. మా పోరడు గూడ అచ్చం గిట్లనే. మాటలల్ల దిట్ట, చదువుల ఎనుక. టీచర్ ఏమన్నదంటే, "కొత్తగ వచ్చిన్రు గద, ఇంగ్లిష్ కుదురుకోనియ్యుండ్రి, ఒక ఏడాది ఆగుండ్రి" అన్నది. మంచి మనిషే, కని మేం ఆగలె. ఎందుకంటే వాడు ఇంట్ల తెలుగు అక్షరాలు గూడ గట్లనే తికమక పడుతుండె. ఇంగ్లిష్ రాక గాదు, చదువుడే కష్టమైతున్నదని గప్పుడు సమజైంది. గా ముచ్చటే టీచర్‌కు రాసి ఇచ్చినం, వాని తెలుగు నోట్‌బుక్ పేజీలు ఫోటో దీసి జతజేసినం. గప్పటి సంది మాట వినుడు మొదలైంది.

ఇగ అసలు ముచ్చట. ప్లాన్ అని బోర్డు రాసేటియి రెండు రకాలు. ఒకటి బోర్డు మొత్తానికి రాసే వ్యూహ ప్రణాళిక, గది చట్టం ప్రకారం రాయాల్సిందే. గండ్ల మన బిడ్డ పేరుండదు. రెండోది ఐఈపీ, అంటె ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లగానికి రాసే సొంత చదువు ప్రణాళిక. గది మన బిడ్డ పేరు మీద ఉంటది. మీరు పట్టుకోవాల్సింది గదే.

ఐఈపీ రెండు తొవ్వల వస్తది. ప్రిన్సిపల్ తనంతట తనే ఇయ్యొచ్చు. లేదంటే ఐపీఆర్‌సీ అనే కమిటీ కూసోని పిల్లగానికి ఫలానా అవసరం ఉన్నదని గుర్తిస్తది. ఐపీఆర్‌సీ కావాలని మనం కాయితం మీద అడిగితే ప్రిన్సిపల్ కాదనరాదు. 15 రోజులల్ల ఎప్పుడు కూసుంటరో రాసి చెప్పాలె. నోటి మాటకు గా గడువు లేదు, గందుకే ఈమెయిల్ పెట్టుండ్రి. నేను రాసింది గింతే: "రెగ్యులేషన్ 181/98 ప్రకారం మా అబ్బాయిని ఐపీఆర్‌సీకి పంపమని అడుగుతున్నాం. ఈ ఉత్తరం అందిన తేదీ తెలపండి." కోపం లేదు, కథ లేదు.

స్పెషల్ ఎడ్ (ప్రత్యేక విద్య) ప్రోగ్రామ్‌ల ఏసినంక 30 స్కూలు రోజులల్ల ఐఈపీ చేతికి రావాలె. కమిటీ చెప్పింది నచ్చకపోతే 15 రోజులల్ల మళ్లొక మీటింగ్ అడగొచ్చు, 30 రోజులల్ల అప్పీల్‌కు పోవచ్చు. గియి పబ్లిక్ బోర్డుకు, కాథలిక్ బోర్డుకు ఒక్కటే చట్టం. గందుకని "కాథలిక్‌ల సపోర్ట్ ఎక్కువ" అని ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి. స్కూలు స్కూలుకు తేడా, ప్రిన్సిపల్ ప్రిన్సిపల్‌కు తేడా.

గుణదల_కోడలు:
ఈ మాట ఎవరూ చెప్పలేదండీ. పాపకి తెలుగు చదవడం కూడా కష్టమే. బద్ధకం అనుకున్నాం. ఐఈపీ వస్తే పక్కన ఒక టీచర్‌ని పెడతారా?

ఈఏ_ఉద్యోగిని:
నేను ఒక కాథలిక్ బోర్డులో ఎడ్యుకేషనల్ అసిస్టెంటుగా చేస్తున్నాను. బోర్డు పేరు చెప్పను. మీ ప్రశ్నకి జవాబు, దాదాపుగా పెట్టరు. మమ్మల్ని పిల్లకొకరిగా ఇవ్వరు, స్కూలుకి ఇంతమంది అని ఇస్తారు. మేం ముందు వెళ్లేది పరుగెత్తి బయటికెళ్లిపోయే పిల్లల దగ్గరికి, మూర్ఛలు వచ్చేవాళ్ల దగ్గరికి, బాత్రూమ్ సాయం కావాల్సినవాళ్ల దగ్గరికి. చదవలేక మౌనంగా కూర్చునే పాప వంతు చివర్న వస్తుంది. అన్యాయమే, కానీ తరగతిలో రోజూ జరిగేది ఇదే.

అందుకే ఐఈపీ కాగితంలో ఏం రాశారో చూడండి. నేను చూసే వాటిలో సగం ఒకే అచ్చు. ముందు వరసలో సీటు, అదనపు సమయం, ప్రశ్న మళ్లీ చెప్పడం. తప్పు కాదు గానీ చదవడం రాని పాపని ముందు వరసలో కూర్చోబెడితే చదువు వచ్చేస్తుందా? "వారానికి ఎన్నిసార్లు, ఎవరు, ఏ పద్ధతిలో చదవడం నేర్పుతారు, డిసెంబరుకి ఎక్కడికి రావాలి" అని అడగండి. ఆ వాక్యం కాగితం మీదికి రావాలి.

ఇంకో ముఖ్యమైన తేడా, అకామడేషన్ వేరు, మాడిఫికేషన్ వేరు. మొదటిదాంట్లో పాప అదే తరగతి పాఠం వేరే దారిలో నేర్చుకుంటుంది. రెండోదాంట్లో పాఠం స్థాయినే మారుస్తారు. ప్రైమరీలో దానివల్ల పెద్ద నష్టం కనిపించదు. హైస్కూల్లో మాత్రం స్థాయి బాగా తగ్గించిన కోర్సుకి క్రెడిట్ ఇవ్వాలా వద్దా అనేది ప్రిన్సిపల్ చేతిలో ఉంటుంది. రిపోర్ట్ కార్డులో ఐఈపీ గడిలో టిక్కు ఉంటే ఏ సబ్జెక్టులో ఏం మార్చారని వెంటనే అడగండి.

రెండో తరగతి అంటున్నారు కాబట్టి మీకు కలిసొచ్చేది ఒకటుంది. చదవడం నేర్పే తీరు మీద ఒంటారియో మానవహక్కుల కమిషన్ విచారణ చేసి 2022లో నివేదిక ఇచ్చింది. వాళ్లు పరిశీలించిన ఎనిమిది బోర్డుల్లో రెండు కాథలిక్‌వి. బొమ్మ చూసి, సందర్భం చూసి మాట ఊహించమనే పద్ధతి పిల్లల్ని ముంచుతోందని గట్టిగా చెప్పారు. మీ పాప చేస్తున్నది అదే. ఆ తర్వాత భాషా పాఠ్యప్రణాళిక మారింది, అక్షరం-ధ్వని వరసగా నేర్పాలన్నారు. సీనియర్ కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా చదువు స్క్రీనింగ్ తప్పనిసరి చేశారు. పాప స్క్రీనింగ్ ఫలితం ఏమిటని అడగండి. మూడో తరగతికి వెళ్లాక ఆ స్క్రీనింగ్ తప్పనిసరి కాదు.

సీఎస్ఐ_అక్క_బ్రాంప్టన్:
సైకో-ఎడ్యుకేషనల్ పరీక్ష (చదువులో ఇబ్బంది ఎక్కడుందో సైకాలజిస్టు చూసేది) బోర్డు ద్వారా అయితే ఉచితం, కానీ క్యూ చాలా పెద్దది. బయట చేయిస్తే వేల డాలర్లు. ముందు ఆఫీసు ఇన్సూరెన్సులో సైకాలజిస్టు కింద ఎంత వస్తుందో చూసుకోండి. భార్యాభర్తలిద్దరికీ ప్లాన్ ఉంటే కలిపి వాడుకోవచ్చు. మా తోడికోడలు అలాగే చేసింది.

ఎన్నారై_మాస్టారు:
బాబు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. 7 నుంచి 12 తరగతుల్లో ప్రతి పిల్లవాడికీ ఒక దారి-ప్రణాళిక ఉండాలి, ఐపీపీ అంటారు. ఎక్కువ బోర్డుల్లో మైబ్లూప్రింట్ అనే సైట్లో చేయిస్తారు. పిల్లలు క్లాసులో పది నిమిషాల్లో ఏదో క్లిక్ చేసి మూసేస్తారు, తల్లిదండ్రులు చూడనే చూడరు. వాడి పక్కన కూర్చుని ఒక్కసారి తెరవండి. తొమ్మిదో తరగతి స్ట్రీమింగ్ (పిల్లల్ని స్థాయిలవారీగా విడదీయడం) ఎత్తేశారు గానీ, పదో తరగతిలో అకడెమిక్, అప్లైడ్ అని రెండు రకాల కోర్సులు వస్తాయి. లెక్కల్లో తప్పు ఎంపిక పడితే పన్నెండులో కాల్క్యులస్ దగ్గర ఇరుక్కుంటాడు. ప్రత్యేక ప్రోగ్రాములకి (ఐబీ, ఆర్ట్స్ వంటివి) దరఖాస్తులు చలికాలంలోనే మూసేస్తారు. ఎనిమిదిలో ఉండగానే చూడాలి.

కొత్తగా వచ్చినవాళ్లకి స్థిరపడటంలో సాయం చేసే స్విస్ (SWIS) వర్కర్లని ఉంటారు, బళ్లలోనే కూర్చుంటారు, వాళ్ల జీతం ఫెడరల్ ప్రభుత్వం నుంచి వస్తుంది. స్కూలు ఆఫీసులో అడిగితే పరిచయం చేస్తారు. ఫారాలు నింపడానికి వాళ్లని మించినవాళ్లు లేరు.

పన్నెండు_అయిపోయింది:
ఆంటీ, నేను హిందూ అమ్మాయిని, కాథలిక్ హైస్కూల్లోనే చదివాను. యూనిఫామ్ ఉంటుంది. రోజూ ఉదయం మైకులో ప్రార్థన, ఏడాదికి కొన్నిసార్లు దివ్యబలిపూజ (మాస్). ప్రతి ఏడూ ఒక రెలిజియన్ కోర్సు. పదకొండులో మాకు ప్రపంచ మతాలు చెప్పారు, అందులో నేనే క్లాసుకి దీపావళి చెప్పాను. నరకాసురుడి కథ విని అందరూ ఇంకా చెప్పమన్నారు, బెల్లు కొట్టినా మాస్టారు ఆపలేదు. పన్నెండులో రెలిజియన్ యూనివర్సిటీ/కాలేజీ స్థాయి కోర్సు కాబట్టి చాలా ప్రోగ్రాముల్లో యూనివర్సిటీ అడ్మిషన్‌కి లెక్కేసే టాప్ సిక్స్ మార్కుల్లోకి తీసుకుంటారు, నాకు అది బాగా పనికొచ్చింది. డిప్లొమాకి 40 గంటల సేవ ఉంటుంది, ఎనిమిదయ్యాక వేసవిలోనే మొదలుపెట్టమనండి. గుడిలో అన్నదానం దగ్గర చేసినవి మా స్కూల్లో ఒప్పుకున్నారు, ముందే అడిగాం.

వద్దనుకుంటే రెలిజియన్ నుంచి మినహాయింపు అడగొచ్చు. 2014లో బ్రాంప్టన్ కుటుంబం ఒకటి కోర్టుకెళ్తే, ప్రార్థనలు, రిట్రీట్‌లకీ మినహాయింపు వర్తిస్తుందని తీర్పు వచ్చింది. నేను అడగలేదు, స్నేహితులందరూ ఆ క్లాసులోనే ఉన్నారు మరి.

ఫిరంగిపురం_బాబాయ్:
ఆ మినహాయింపు ఓపెన్ యాక్సెస్‌లో (ఏ మతం వాళ్లయినా హైస్కూల్లో చేరే పద్ధతి) వచ్చే పబ్లిక్ బోర్డు కుటుంబాలకి. మీ ఆయన కాథలిక్కుగా కాథలిక్ బోర్డుకి పన్ను రాయిస్తే మీ అబ్బాయికి అదే హక్కు ఉంటుందనుకోకండి. స్కూల్ సపోర్ట్ ఫారం మీద సంతకానికి ముందే అడగండి.

పాప విషయంలో ఇంకోటి. రెండో తరగతిలోనే తోటిపిల్లలు మొదటి దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్) సిద్ధమవుతారు. తెల్లగౌన్లు, ఫొటోలు, క్లాసంతా అదే మాట. జ్ఞానస్నానం లేని బిడ్డ తీసుకోలేదు. టీచర్లు మామూలుగా చూసుకుంటారు, కానీ పాప ఇంటికొచ్చి "నాకెందుకు లేదు" అని అడుగుతుంది. మీ ఇద్దరూ ముందే ఒక మాట అనుకోండి. ఇప్పించాలనుకుంటే విచారణ గురువుల్ని కలవండి, స్కూలు కోసమే తొందరపడకండి.

ప్రశ్నలరాయుడు:
సపోర్ట్ రాకపోతే ట్రస్టీకి రాయమంటారు కదా. టొరొంటో కాథలిక్, డఫరిన్-పీల్ కాథలిక్ బోర్డుల్ని 2025 జూన్‌లో ప్రభుత్వం సూపర్‌వైజర్ల చేతికిచ్చేసిందిగా. ట్రస్టీల నిర్ణయాధికారం పోయాక ఎవరికి రాస్తారు?

ఈఏ_ఉద్యోగిని:
మంచి ప్రశ్న. వరస మారదు: టీచర్, తర్వాత ప్రిన్సిపల్, తర్వాత ఆ ప్రాంతపు సూపరింటెండెంట్. ట్రస్టీ చేతిలో అధికారం ఉన్నప్పుడు కూడా ఒక్క పాప ఐఈపీ మార్చే పని వాళ్లది కాదు. ప్రతి బోర్డులో సీయాక్ అనే స్పెషల్ ఎడ్ సలహా కమిటీ ఉండాలి, దాని సమావేశాలకి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మనవాళ్లు అక్కడ కనిపించరు.

కోడలు గారూ, స్కూలుకి వెళ్లేటప్పుడు పాప విజయవాడ రిపోర్ట్ కార్డులు, కంటి పరీక్ష, వినికిడి పరీక్ష కాగితాలు పట్టుకెళ్లండి. కన్నూ చెవీ బాగున్నాయా అని మొదట అడిగేది అదే. పంతొమ్మిదేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకి ఏటా కంటి పరీక్ష ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద ఉచితం. మీ కార్డు వచ్చిందా?

గుణదల_కోడలు:
వచ్చిందండీ. కంటి డాక్టరుకి రేపే ఫోన్ చేస్తాను. ప్రిన్సిపల్‌కి పెట్టే ఈమెయిల్ ఇవాళ రాసి ఇక్కడ పెడతాను, పంపే ముందు కరీంనగర్ నాన్నగారు ఒకసారి చూడగలరా?

కరీంనగర్_నాన్న:
పెట్టుండ్రి, సూస్త. గని పాప పేరు, స్కూలు పేరు తీసేసి పెట్టుండ్రి.